కాలరమ్మ చేతి వణుకు

నత్త గుడ్లే అనుకున్నాను ముందు, వానలు పడ్డ వారం కదా, కుండీల అడుగున ఎక్కడ చూసినా నత్తలే, మొన్న ఒక్క పూటలో డబ్బాడు ఏరి పారబోశాను, ఇవి కాలరమ్మ కుండీలోకి కూడా దూరాయి కాబోలని విసుక్కుంటూ, కుండీని బోర్లించి బల్ల అంచుకి రెండు దెబ్బలు కొట్టి మట్టిని ముద్దగా అరచేతిలోకి దింపుకున్నానో లేదో, వేర్ల చుట్టూ తెల్లగా గుండ్రంగా ఇవి. నత్త గుడ్డయితే నొక్కగానే చిటుక్కుమంటుంది. ఇది సుద్దలా పొడిపొడి అయి వేలికి అంటుకుంది, వాసన చూస్తే వార్డులో తిరిగే మందుల బండి వాసన. పదహారు దాకా లెక్కపెట్టి మానేశాను. కొన్నింటికి పైన గులాబీ రంగు పూత ఇంకా అక్కడక్కడ మిగిలి ఉంది, కొన్ని ఉబ్బి మెత్తబడి మట్టిలో కలిసిపోయాయి, ఒకటైతే సన్నటి తెల్ల వేరు చుట్టుకుని వదలనంటోంది. షెడ్డు గోడ మీద గడియారం పది చూపిస్తోంది. పదకొండింటికి డాక్టరుగారి గదిలో కూర్చుని కాలరమ్మని ఇంటికి పంపుతున్నట్టు సంతకాలు పెడతారు.

ఈ మానసిక ఆస్పత్రి తోటలో ఒక పద్ధతి ఉంది, పెట్టింది నేనే కాబట్టి తిట్టుకోవాలన్నా నన్నే తిట్టుకోవాలి. వార్డు నుంచి తోట పనికి వచ్చే ప్రతి మనిషికీ మొదటి రోజున ఒక గులాబీ కొమ్మా ఒక కుండీ ఇస్తాను, నయమై ఇంటికి వెళ్లే రోజున ఆ మొక్కని కుండీలోంచి తీసి గోడవార నేలలో పెట్టి వెళ్తారు. గోడవార ఇప్పటికి నలభై ఒక్క గులాబీలు. వెళ్లినవాళ్లలో కొందరు మళ్లీ వచ్చారు కూడా, వాళ్లలో ఒక పోస్టాఫీసాయన వచ్చీ రాగానే తన మొక్క దగ్గరికెళ్లి నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు చూసి, నాకన్నా దీనికే నయమైనట్టుందే అన్నాడు, వారం రోజులు వార్డంతా అదే చెప్పుకుని నవ్వారు. నలభై రెండోది కాలరమ్మది. మామూలుగా అయితే మనిషి వచ్చాకే కుండీ బోర్లిస్తాం, ఇవాళ సమావేశం ఉంది, ఆలస్యమవుతుందని నేనే తొందరపడి ముందుగా తీశాను. తొందరపడకపోతే తనే వచ్చి తీసేది, మట్టి ముద్దని చేతులతో చాటు చేసి గబగబా గుంటలో పెట్టి పూడ్చేసేది, నేను పక్కన నిలబడి చప్పట్లు కొట్టేదాన్ని, ఇంటికెళ్లి మా ఆయనకి ఇంకొకళ్లు బాగుపడ్డారని చెప్పేదాన్ని.

కాలరమ్మ అసలు పేరు ఫైల్లో ఉంటుంది, ఇక్కడ ఎవరూ దాన్ని పలకరు. బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుట్టే పని, పదకొండేళ్లుగా కాలర్లు తప్ప ఇంకేమీ కుట్టలేదట, వార్డులో అడుగుపెట్టిన రెండో రోజు నుంచీ కనిపించినవాళ్లందరి కాలరూ సరిచేయడం మొదలుపెట్టింది, డాక్టరుగారిదీ వదల్లేదు, ఆయన కూడా బుద్ధిగా మెడ చాచి నిలబడేవారు. నవ్వుకుంటాం గానీ, ఆ మనిషి ఇక్కడికొచ్చిన దారి నవ్వేది కాదు. నాలుగు పగళ్లూ నాలుగు రాత్రులూ కన్ను మూయకుండా ఇంట్లో మిషను తొక్కింది, దుప్పట్లకీ కర్టెన్లకీ దిండు గలీబులకీ కాలర్లు కుట్టింది, ఇంక గుడ్డ దొరక్క కూతురు వేసుకున్న గౌను కాలరు వంకరగా ఉందని, పిల్ల ఒంటి మీద ఉండగానే కత్తెరతో విప్పబోయింది. పిల్ల మెడ మీద రెండు కుట్లు పడ్డాయి. ఎనిమిదేళ్ల పిల్ల. ఆదివారాలు నాన్నతో వస్తుంది, మెడ మీద దారమంత గీత, అమ్మని చూడగానే పరుగున వచ్చి నడుం పట్టుకుంటుంది, భయం అనేది మొహంలో వెతికినా కనిపించదు, ఏం పిల్లో.

మాత్రలు మొదలయ్యాక మనిషి నెమ్మదించింది గానీ చేతులు వణికేవి. ముల్లంగి విత్తనాలు వేయమంటే ఒకచోట గుప్పెడు, ఇంకోచోట సున్నా, నీళ్ల క్యాను పట్టుకుంటే సగం నీళ్లు చెప్పుల మీద. ఏం ఫర్వాలేదు, మట్టిలో చెయ్యి పెట్టు, మట్టి చూసుకుంటుంది అనేదాన్ని, పెద్ద వైద్యురాలిలాగా. మూడు వారాల కిందట ఒక పొద్దున చూద్దును కదా, చిన్న తాపీతో గీత గీసి, ఆవగింజంత విత్తనాలు ఒక్కొక్కటే అంగుళానికొకటి చొప్పున పెట్టుకుంటూ పోతోంది, వేలు కదిలితే ఒట్టు. ఆ తర్వాత ఏ పనికైనా ముందు తనే, కలుపు తీయమంటే ఒక్క గంటలో మూడు మళ్లు తీసేసి నాలుగోది ఏది అనడం, మాట కూడా వడివడిగా, పాత పాటలూ ఫ్యాక్టరీ జోకులూ. నాకెంత సంబరమైందో చెప్పలేను. వారానికోసారి తోట నుంచి వార్డుకి ఒక కాగితం రాసి పంపాలి, అందులో రాశాను, చేతి వణుకు పూర్తిగా పోయింది, ఉత్సాహం పెరిగింది, తోట పని బాగా పనిచేస్తోంది అని. డాక్టరుగారు నన్ను వరండాలో ఆపి మరీ మెచ్చుకున్నారు, చూడటానికొచ్చిన పెద్దవాళ్లెవరికో నా మళ్లు చూపించారు. ఆ రోజు ఇంట్లో మా ఆయనకి ఈ కథ రెండుసార్లు చెప్పాను, రెండోసారి ఆయన నిద్రపోతున్నా ఆపలేదు. మట్టి మహిమ. వణుకు పోయింది మాత్రలు మింగడం మానేసినందుకు. ఉత్సాహం వచ్చింది పాత జబ్బు గుమ్మం దాకా వచ్చినందుకు. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నదాన్ని, ఎండిన ఆకుని చూసి నీళ్లెక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్పేదాన్ని, ఇది నాకు తెలియలేదు. పొగడ్త అంత తీపిగా ఉంటే ఇంకేం తెలుస్తుంది.

ఎలా చేసిందో ఇప్పుడు చెప్పగలను. ఎనిమిదింటికి మాత్రలు, సిస్టర్ ఎదుటే మింగాలి, నోరు తెరిచి చూపించాలి, ఎనిమిదిన్నరకి తోట. బుగ్గకీ పళ్ల చిగుళ్లకీ మధ్య అరగంట దాచుకోవడం పెద్ద విద్యేం కాదు. కుండీ మీదికి వంగినప్పుడు అన్నంలో రాయిలా ఉమ్మేసి వేలితో లోపలికి నొక్కడం. వార్డులో అయితే ఎక్కడ దాచినా ఊడ్చేవాళ్లకి దొరుకుతుంది, మట్టిని ఎవరు ఊడుస్తారు. ఇన్ని కుండీలున్నాయి, ఇంకెన్నింట్లో ఏమున్నాయో, అన్నీ బోర్లించి చూడాలా, రేపు పొద్దున ముప్ఫై కుండీల ముందు నేను దొంగల్ని పట్టుకునే పోలీసులా నిలబడాలా. వద్దు, ఇప్పుడు ముప్ఫై గురించి కాదు, ఒక్కదాని గురించి ఆలోచించు. పదీ పది.

చెప్పకూడదు. చెప్పనని మాటిచ్చాను. తోటలో విన్నది తోటలోనే, ఇదీ నేను పెట్టిన పద్ధతే. తోట మొదలుపెట్టిన ఏడాది, ఒకాయన పాదు చేస్తూ చేస్తూ తన అన్నగారిని చంపాలనుందని ఏదో కోపంలో అన్నాడు, నేను భయపడి పెద్ద సిస్టర్‌కి చెప్పాను, ఆయన్ని తాళం వేసే గదిలోకి మార్చారు, ఆ తర్వాత పది రోజులు తోటకి ఒక్క మనిషి రాలేదు. నేనూ మొక్కలూ. పదకొండో రోజున వార్డులోకెళ్లి అందరి ముందూ నిలబడి చెప్పాను, ఇకమీదట తోటలో మీరన్నది నా నోటి నుంచి బయటికి రాదని. అప్పుడొచ్చారు, ఒక్కొక్కరూ. ఎన్ని విన్నానో ఈ చెవులతో, పెళ్లాలకి చెప్పనివి, డాక్టర్లకి చెప్పనివి, కొన్ని విన్నాక అన్నం సయించలేదు. ఒక్కటీ దాటలేదు. ఇవాళ ఇది దాటితే రేపు వార్డంతా తెలుస్తుంది, తోటక్క చెప్పేసిందట అని, మళ్లీ పది రోజులు, కాదు, ఈసారి పది రోజులతో పోదు. కానీ ఇది తను చెప్పిన మాట కాదుగా, నా చేతికి దొరికింది. దొరికింది వేరు, విన్నది వేరు. ఇలా సందులు వెతికేవాళ్లంటేనే నాకు ఒళ్లు మంట.

మా అమ్మకీ మాత్రలుండేవి. నాకప్పుడు తొమ్మిదేళ్లు, నాన్న చీకటితోనే డ్యూటీకి వెళ్లిపోయేవాడు, మాత్ర వేయించే పని నాది. నోరు తెరువమ్మా, నాలుక ఎత్తమ్మా, ఇటు బుగ్గ చూపించు, అటు బుగ్గ. బడికెళ్లే ముందు రోజూ ఇదే, పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకుని కన్నతల్లి నోట్లోకి తొంగిచూడటం. ఒకరోజు నాలుక కింద మాత్ర కనిపించింది. అమ్మ బతిమాలలేదు, బెదిరించలేదు, నా కళ్లలోకి చూసి ఊరికే కన్ను కొట్టింది. సాయంత్రం నాన్న అడిగితే మింగిందన్నాను. ఆ తర్వాత ఏడు రోజులు మా ఇల్లు మా ఇల్లులా లేదు. అమ్మ నాకు రెండు జడలు వేసింది, రేడియోతో పాటు పాడింది, వంటగది గోడకి రంగు వేద్దామంది, ఇద్దరం కుర్చీలెక్కి ఒక గోడంతా పచ్చరంగు వేశాం, మిగతా మూడు గోడలకి రంగు చాలలేదు, చాలకపోతే పోనీలెమ్మని నేల మీద కూర్చుని పడీపడీ నవ్వాం. అంత మంచి వారం నా జన్మలో మళ్లీ రాలేదు, పెళ్లయిన వారం కూడా దాని ముందు దిగదుడుపే, మా ఆయన వింటే ఏమంటాడో గానీ నిజం. ఎనిమిదో రోజు బడి నుంచి వచ్చేసరికి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. రెండు రోజుల తర్వాత అమ్మ రైలు పట్టాల పక్కన దొరికింది, కాళ్లకి చెప్పుల్లేవు, నన్ను చూసి ఎవరీ పాప అంది. రెండేళ్లు ఆస్పత్రిలో ఉంచారు. తిరిగొచ్చిన అమ్మ వంట చేసేది, మాట్లాడేది, పాడేది కాదు. చుట్టాలంతా పాపం చిన్నపిల్ల, దానికేం తెలుసని నా తల నిమిరారు. తెలుసు, నాకొక్కదానికే తెలుసు, నాన్న పోయేదాకా నాన్నకి చెప్పలేదు.

అందుకేనేమో ఈ పనిలోకి వచ్చాను, లేకపోతే పూల నర్సరీలో హాయిగా ఉండేదాన్ని, జీతం కూడా అక్కడే నయం. సరే, ఎందుకొచ్చానన్నది ఇప్పుడు ఎవరడిగారు. మట్టి ముద్ద చేతిలో ఆరిపోతోంది, తడిగుడ్డ చుట్టి బల్ల మీద పెట్టాను, మొక్క ఏం చేసింది పాపం. మాత్రలన్నీ ఏరి ఒక కాగితంలో వేశాను. కాగితం మడిచాను. విప్పాను. చెత్తడబ్బా రెండడుగుల దూరంలో ఉంది. అందులో వేసేస్తే కాలరమ్మ సంతోషంగా ఇంటికెళ్తుంది, నా కాగితం నిజమైనట్టే ఉంటుంది, డాక్టరుగారి మెప్పు ఎక్కడికీ పోదు, తోట నిండా మనుషులుంటారు. ఒక్క వారం వాళ్లింట్లో కూడా ఎవరో ఒకరు గోడకి రంగు వేస్తారు.

పదింబావుకి వచ్చింది. ఇంటికెళ్లే బట్టలు కట్టుకుంది, తల తడిగా ఉంది, షెడ్డు గుమ్మంలో నిలబడి ముందు బల్ల మీద తడిగుడ్డనీ తర్వాత నా మొహాన్నీ చూసింది. తనే లోపలికొచ్చి ముక్కాలి పీట మీద కూర్చుంది, మోకాళ్ల మీద చేతులు చాపి పెట్టుకుంది, నిశ్చలంగా ఉన్నాయి.

"నాకున్నవి చేతులే కదక్కా" అంది. "వణికితే సూది కింద గుడ్డ తిన్నగా పోదు. ఫ్యాక్టరీలో మళ్లీ తీసుకోరు."

డాక్టరుగారికి చెప్పాల్సింది కదా అంటే, ఒకసారి చెప్పానంది, నెమ్మదిగా అదే సర్దుకుంటుందన్నారట, ఇంకోసారి చెబితే ఇంకో రెండు నెలలు ఇక్కడే ఉంచుతారని భయమట, నాలుగు నెలలైంది పిల్ల పక్కన పడుకుని అంది. రాత్రి ఎంతసేపు పడుకుంటున్నావని అడిగాను. మూడు గంటలు చాలక్కా నాకిప్పుడు అని, బడిలో మంచి మార్కులొచ్చిన పిల్లలా చెప్పింది, కళ్లు మెరుస్తున్నాయి, ఆ మెరుపు నాకు తెలుసు, కుర్చీ మీద నిలబడి పచ్చరంగు వేసిన మెరుపే. ఇంట్లో మిషను అటక పైకెక్కించేశారట, వెళ్లగానే దింపించుకోవాలట, పిల్లకి గౌన్లు కుట్టాలట, అయిదు, కాదు పది, రెండు రోజుల్లో పది కుట్టేస్తానంది.

"తోటలో విన్నది తోటలోనే అన్నావు కదక్కా. నాకు ఆ మాటే ధైర్యం" అంది లేచి. వెళ్లేముందు నా దగ్గరికొచ్చి, పొద్దుట్నుంచీ నలిగిపోయి ఉన్న నా కోటు కాలరు రెండు చేతులా పట్టుకుని మడత సరిచేసింది. వేళ్లు ఎంత నేర్పుగా కదిలాయో. నేను అవుననలేదు, కాదనలేదు, తను మాత్రం అవునన్నట్టే తీసుకుని వెళ్లింది, మౌనంగా ఉండి ఒప్పుకున్నట్టు కనిపించడం నాకు తొమ్మిదేళ్లప్పుడే అబ్బిన విద్య.

పదిన్నర దాటాక వరండాలోకి వెళ్లాను, ఎందుకెళ్లానో తెలియదు, చేతులు కడుక్కోవడానికి కాబోలు, కొళాయి అక్కడుంది. బెంచీ మీద కాలరమ్మ భర్త ఖాళీ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, గడ్డం గీసుకున్నాడు, ఒకచోట తెగింది. పక్కన పిల్ల. నన్ను చూడగానే ఆంటీ అంటూ లేచి వచ్చి చేతిలో ఉన్నది చూపించింది, ప్లాస్టిక్ డబ్బా, ఏడు గడులు, గడికో వారం పేరు.

"ఇందులో నేనే వేసిస్తాను ఆంటీ. అమ్మ మింగిందో లేదో చూడటం కూడా నా పనే. నాలుక ఎత్తించి చూడాలట, నాన్న నేర్పించాడు" అంది.

భర్త కాస్త సిగ్గుపడి, తనకి పొద్దున్నే షిఫ్టు అని, పిల్ల చాలా తెలివైందని, ఒక్కటీ మర్చిపోదని చెప్పాడు. తెలివైందే, మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. మొదటి రోజో మూడో రోజో ఆ పిల్లకి నాలుక కింద కనిపిస్తుంది. తల్లి చూస్తుంది. ఆ చూపు ముందు తెలివి ఏ మూలకి. కొళాయి కింద చేతులు పెట్టుకుని చాలాసేపు కడుక్కున్నాను, సుద్ద అంతా పోయింది, నీళ్లు చల్లగా ఉన్నాయి, మనసులో ఇంక తర్జనభర్జనేం లేదు, భయం మాత్రం ఉంది. ఎవరో ఒకరు చెప్పాల్సిన మాట ఇది. ఆ పిల్ల చెప్పకూడదు, దాచనూ కూడదు, అసలు ఆ మాట పిల్ల దాకా వెళ్లకూడదు. తోట ఖాళీ అయితే ఖాళీ అవుతుంది.

డాక్టరుగారి గదిలో అయిదు కుర్చీలు. పిల్లని బయట కూర్చోబెట్టి భర్త ఒక్కడే లోపలికొచ్చి కాలరమ్మ పక్కన కూర్చున్నాడు. పెద్ద సిస్టర్ ఫైలు తెరిచింది. నన్ను చూసి డాక్టరుగారు నవ్వుతూ, రండి, మీ కాగితమే చదువుతున్నాను అన్నారు. మడిచిన కాగితం ఆయన బల్ల మీద పెట్టి విప్పాను. కుండీలో దొరికాయని, మూడు వారాలుగా మింగడం లేదని, మూడు గంటలే నిద్రపోతోందని, ఇంటికెళ్తే మాత్ర వేయించేది ఎనిమిదేళ్ల పిల్లేనని చెప్పాను, అంతసేపూ కాలరమ్మ వైపు చూడలేదు. డాక్టరుగారు కళ్లజోడు తీశారు. వణుకు పోయిందని మీరే కదా రాశారు అన్నారు, కోపంగా కాదు, అర్థం కాక. నేనే రాశాను, తప్పు రాశాను, నా గొప్ప చూసుకుని రాశాను అన్నాను. అప్పుడు కాలరమ్మ వైపు చూశాను. తిట్టలేదు, ఏడవలేదు, తన రెండు చేతులూ చంకల్లో దాచుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ చేతుల కోసమే ఇంత చేసిందని, పని పోతుందన్న భయమే తప్ప ఇంకేమీ కాదని నేనే చెప్పాల్సి వచ్చింది. ముందే గట్టిగా చెప్పి ఉంటే మందు మార్చేవాళ్లం కదమ్మా అన్నారాయన, ఫైల్లో ఏదో కొట్టేశారు, ఏదో రాశారు, చేతుల్ని అంత వణికించని మందు ఒకటి చూద్దామన్నారు, మూడు వారాలు ఉండాలన్నారు, బాగుంటే ఆ తర్వాత ఇంటికి, ఇంట్లో మాత్ర వేయించడం పెద్దవాళ్ల పని అని భర్తతో గట్టిగా చెప్పారు. అతను ఖాళీ సంచీని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతలు పెట్టాడు. సిస్టర్ వచ్చి కాలరమ్మ భుజం మీద చెయ్యి వేసింది. గుమ్మం దాటేటప్పుడు నా పక్కనుంచే వెళ్లింది, నా కాలరు మళ్లీ నలిగే ఉంది, తను చూడలేదు.

వరండాలో పిల్ల లేచి నిలబడింది. తల్లి అటువైపు తలుపులోంచి వార్డులోకి వెళ్లిపోతోంది, వీపే కనిపిస్తోంది. అమ్మ ఇంటికి రావడం లేదా అని తండ్రిని అడిగింది, అతను గోడ చూస్తున్నాడు. నేను మాట్లాడాను, చెప్పాల్సినవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి, ఆ తప్పుని ఆ పిల్ల తల్లి మీదకో తన మీదకో తిప్పుకోకముందే చెప్పాలి కాబట్టి.

"మీ అమ్మ వస్తాననే అంది. నేనే ఆపాను."

నమ్మలేదు కాసేపు. తర్వాత డబ్బా కింద పడేసి నా మీదికి వచ్చింది, రెండు పిడికిళ్లతో కడుపు మీద, చేతుల మీద, ఎక్కడ అందితే అక్కడ. తండ్రి కంగారుపడి రెక్క పట్టుకోబోయాడు, కొట్టనివ్వండి అన్నాను. నాకు ఆ వయసులో కొట్టడానికి ఎవరూ దొరకలేదు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను, పిల్ల ఏడుస్తూనే ఇంకా కొడుతోంది, గట్టి పిల్ల, నొప్పి పుడుతోంది.